అణుపాఠం జాదూగూడ నుంచే మొదలవ్వాలి

ఉక్కు అంటే ఏమిటో జంషెడ్‌పూర్ బాలబాలికలకు ఎవరూ ప్రత్యేకంగా బోధించనక్కరలేదు. కొలిమి వెలుగు రాత్రి ఆకాశాన్ని ఎర్రబరచడం వారు పుట్టిననాటి నుంచీ చూస్తున్నదే. ఏటా మార్చి 3న జంషెడ్‌జీ టాటా జయంతినాడు జూబిలీ పార్కు దీపాలతో వెలిగిపోతుంటే, కుటుంబాలు పిల్లాపాపలతో తరలివచ్చి ఆ వేడుకను తమ ఇంటి పండుగలాగే భావిస్తాయి. అయితే అదే నగరానికి సుమారు 25 కిలోమీటర్ల దూరాన జాదూగూడ కొండల కింద మరో లోహం ఉంది. దేశంలో మొట్టమొదటి యురేనియం గని అక్కడే వెలసింది. భారత అణుశక్తి కార్యక్రమానికి దశాబ్దాలపాటు స్వదేశీ ఇంధనం అక్కడి నుంచే అందింది. ఆ లోహం గురించి జంషెడ్‌పూర్ పౌరులను అడిగితే వచ్చే సమాధానాలు రెండే: ఒకటి 'అదేదో ప్రభుత్వ రహస్యం', రెండోది 'అటువైపు వెళ్ళవద్దు'. దీపం కింద చీకటి అంటే ఇదే.

ఈ అజ్ఞానాన్ని ఇంకెంతమాత్రం ఉపేక్షించడానికి వీలులేని దశకు దేశం చేరుకుంది. 2047 నాటికి అణువిద్యుదుత్పత్తి సామర్థ్యాన్ని లక్ష మెగావాట్లకు పెంచాలని 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం లక్ష్యాన్ని ప్రకటించింది. చిన్నతరహా రియాక్టర్ల పరిశోధనకు 20 వేల కోట్ల రూపాయలు కేటాయించింది. ఆనాటికి దేశం మొత్తం మీద ఉన్న అణువిద్యుత్ సామర్థ్యం తొమ్మిది వేల మెగావాట్లకు లోపే. దేశ విద్యుదుత్పత్తిలో దాని వాటా దాదాపు మూడు శాతం. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 'శాంతి' చట్టం 1962 నాటి అణుశక్తి చట్టాన్ని తొలగించి, ఈ రంగంలోకి ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరిచింది. పదిరెట్లకు మించిన ఈ విస్తరణకు నేల కావాలి, నీరు కావాలి, గనులు కావాలి. అన్నింటికంటే ముఖ్యంగా ప్రజల అంగీకారం కావాలి. అర్థం కాని విషయానికి ఇచ్చే అంగీకారం అంగీకారమూ కాదు, అర్థం కాని విషయంపై చూపే వ్యతిరేకత విచక్షణా కాదు.

అందువల్లనే అణుశాస్త్రాన్ని సామాన్య కుటుంబాలకు ఆటపాటల ద్వారా, సులభమైన ప్రయోగాల ద్వారా పరిచయం చేయాలన్న ఆలోచన ఎంతైనా ఆహ్వానించదగినది. అమెరికా, ఐరోపా దేశాలలో మ్యూజియంలు, విశ్వవిద్యాలయాలు ఇటువంటి కార్యక్రమాలను చాలాకాలంగా నిర్వహిస్తున్నాయి. మన దేశంలో అటువంటి ప్రయత్నానికి జంషెడ్‌పూర్ కంటే తగిన చోటు లేదు. కాని ఒక షరతు ఉంది. పిల్లల చేతికి రంగురంగుల బొమ్మలిచ్చి, జాదూగూడ ప్రశ్నలను పక్కకు నెట్టేసే కార్యక్రమమైతే అది విజ్ఞానం కాదు, వాణిజ్య ప్రకటన మాత్రమే. ప్రజలకు ఇవ్వవలసింది కరపత్రం కాదు, కొలిచే సాధనం.

నగరానికీ అణువుకూ బంధం

జంషెడ్‌పూర్‌కూ అణుశాస్త్రానికీ ఉన్న అనుబంధం కేవలం భౌగోళికమైనది కాదు. 1944 మార్చిలో హోమీ భాభా సర్ దొరాబ్జీ టాటా ట్రస్టుకు ఒక లేఖ రాశారు. మౌలిక భౌతికశాస్త్రంలో ఉన్నతస్థాయి పరిశోధనకు ఒక సంస్థ కావాలని అందులో కోరారు. ఆ ట్రస్టు తోడ్పాటుతో 1945లో వెలసిన టాటా మౌలిక పరిశోధన సంస్థే దేశ అణుకార్యక్రమానికి ఉయ్యాల అయింది. 1948లో అణుశక్తి కమిషన్, 1954లో అణుశక్తి శాఖ ఏర్పడ్డాయి. 1956 ఆగస్టులో ట్రాంబేలో 'అప్సర' రియాక్టరు పనిచేయడం మొదలుపెట్టింది. ఈలోగా 1951లోనే భూగర్భ శాస్త్రజ్ఞులు జాదూగూడ వద్ద యురేనియం నిక్షేపాన్ని కనుగొన్నారు. 1967లో భారత యురేనియం సంస్థ ఆ ఊరే ప్రధాన కేంద్రంగా ఆవిర్భవించింది. తర్వాతి కాలంలో భాటిన్, నర్వాపహాడ్, తురామ్‌డీహ్, బాగ్‌జాతా, బందుహురాంగ్, మొహుల్‌డీహ్ గనులు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకున్నాయి. వీటిలో తురామ్‌డీహ్ జంషెడ్‌పూర్ పొలిమేరకు మరీ చేరువలో ఉంది.

ఈ కథలో తెలుగువారికి కూడా భాగముంది. జాదూగూడ మిల్లులో ముడిఖనిజాన్ని పొడిచేసి, గంధకామ్లంతో కరిగించి, చివరకు 'ఎల్లో కేక్' అనే పసుపుపచ్చని పదార్థంగా మారుస్తారు. అది చేరేది హైదరాబాదులోని అణు ఇంధన సముదాయానికి. 1971లో నెలకొన్న ఆ సముదాయంలోనే రియాక్టర్లకు అవసరమైన ఇంధన కడ్డీలు తయారవుతాయి. 1967లో హైదరాబాదులోనే ప్రారంభమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ రేడియేషన్‌ను కొలిచే పరికరాలను తయారుచేస్తుంది. ఖనిజాన్వేషణ జరిపే అణుఖనిజ సంచాలక కార్యాలయం కూడా హైదరాబాదులోనే ఉంది. ఉపాధికోసం ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వలసవెళ్ళి కద్మా, బిష్టుపూర్ ప్రాంతాలలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఉక్కు కర్మాగారంతో ఉన్న పరిచయం అందరికీ తెలిసిందే. ఆ నగరం పక్కన తవ్విన లోహం హైదరాబాదుకు ప్రయాణం కడుతూ వచ్చిందన్న సంగతి మాత్రం వారిలో ఎందరికి తెలుసు?

చెప్పని పాఠం

జాదూగూడ ఖనిజం నాసిరకానిది. అందులో యురేనియం వెయ్యింట ఒక వంతు కూడా ఉండదు. టన్ను రాయి తవ్వితే దక్కే లోహం కిలోకు తక్కువే. మిగిలిన రాయంతా పిండిగా మారి బురదరూపంలో వ్యర్థాల చెరువులకు చేరుతుంది. యురేనియం తీసివేసినంత మాత్రాన ఆ బురద నిరపాయకరం కాదు. యురేనియం సంతతి అయిన థోరియం-230, రేడియం వంటివి అందులోనే ఉండిపోతాయి గనుక, ముడిఖనిజంలోని అణుధార్మికతలో దాదాపు 85 శాతం ఆ చెరువులోనే మిగులుతుంది. రేడియం నుంచి రేడాన్ అనే వాయువు వెలువడుతుంది. గాలి సరిగా ఆడని గనిలో దానిని ఏళ్ళ తరబడి పీల్చినవారికి ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు పెరుగుతుందని ప్రపంచవ్యాప్తంగా గని కార్మికులపై జరిగిన అధ్యయనాలు నిర్ధారించాయి. ఇవేవీ రహస్యాలు కావు. విశ్వవిద్యాలయ పాఠ్యగ్రంథాలలో ఉన్న విషయాలే. కాని ఆ చెరువు గట్టున కాపురముంటున్న సంతాల్, హో ఆదివాసీలకు వారి భాషలో ఈ సంగతులు చెప్పవలసిన బాధ్యతను ఎవరూ స్వీకరించలేదు.

చెప్పవలసినవారు చెప్పనప్పుడు ప్రజలు తమ కళ్ళతో చూసినదానినే నమ్ముతారు. 1996లో మూడో వ్యర్థాల చెరువు కోసం చాటీకోచా గ్రామంలో ఇళ్ళు కూల్చివేసినప్పుడు ఆందోళన రగిలింది. రేడియేషన్‌కు వ్యతిరేకంగా ఝార్ఖండీ సంస్థ ఒకటి ఏర్పడింది. 1999లో శ్రీప్రకాశ్ తీసిన 'బుద్ధా వీప్స్ ఇన్ జాదూగూడ' డాక్యుమెంటరీ అక్కడి పిల్లల అంగవైకల్యాలను ప్రపంచానికి చూపింది. సుప్రీంకోర్టులో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని, తగిన జాగ్రత్తలు తీసుకుంటున్నామని అణుశక్తి కమిషన్ ఇచ్చిన ప్రమాణపత్రం ఆధారంగా న్యాయస్థానం 2004లో కొట్టివేసింది. 2006 డిసెంబరు 25న వ్యర్థాలను మోసుకుపోయే గొట్టం పగిలి బురద వాగులో కలిసింది. 2007లో శాంతి, అభివృద్ధి కోరే భారతీయ వైద్యుల సంఘం తాను జరిపిన సర్వేలో, గనుల సమీప గ్రామాలలో పుట్టుకతో వచ్చే వైకల్యాలు ఎక్కువగా ఉన్నట్లు వెల్లడించింది. అక్కడి అనారోగ్యాలకు రేడియేషన్ కారణం కాదని, పరిసరాలలో దాని స్థాయి సహజ పరిమితులలోనే ఉందని అణుశక్తి శాఖ, యురేనియం సంస్థ వాదిస్తూ వచ్చాయి. 2014లో ఝార్ఖండ్ హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానుగా విచారణకు చేపట్టింది.

ఈ వాదప్రతివాదాలలో సత్యం ఎవరి పక్షాన ఉందన్నది ఇక్కడ తేల్చవలసిన అంశం కాదు. పోషకాహార లోపం, మలేరియా, పేదరికం, మేనరికాలు, రేడియేషన్ వంటి అనేక కారణాల మధ్య ఒకదానిని వేరుచేయడానికి దీర్ఘకాలిక పరిశోధన అవసరం. గమనించవలసింది మరొకటి. కొలిచినవారు ఒక పక్షమే, కొలతను వివరించినదీ ఆ పక్షమే. రెండో పక్షం చేతిలో ఉన్నవి బాధ, అనుమానం మాత్రమే. 1962 చట్టంలోని 18వ సెక్షన్ అణుకర్మాగారాల సమాచారాన్ని గోప్యంగా ఉంచే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. ఆరు దశాబ్దాలపాటు ఆ గోప్యత అలవాటుగా మారింది. రహస్యం ఉన్నచోట వదంతి రాజ్యమేలడం లోకసహజం.

ప్రచారం వేరు, విజ్ఞానం వేరు

అణువును కుటుంబాలకు పరిచయం చేసే ప్రయత్నాలు ప్రపంచంలో కొత్తవేమీ కావు. వాటిలో మంచివీ ఉన్నాయి, హెచ్చరికగా చూడవలసినవీ ఉన్నాయి. 1907 ప్రాంతంలో పారిస్‌లో మేరీ క్యూరీ తన కుమార్తెతోపాటు సహశాస్త్రవేత్తల పిల్లలను కూర్చోబెట్టుకుని, చేతితో చేసి చూసే ప్రయోగాల ద్వారా భౌతికశాస్త్రం బోధించారు. అది నిజమైన విజ్ఞానబోధ. 1953 డిసెంబరులో ఐక్యరాజ్యసమితిలో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 'శాంతికోసం అణువు' ప్రసంగం చేసిన తర్వాత వెల్లువెత్తిన ప్రదర్శనల తీరు వేరు. 1957లో డిస్నీ సంస్థ నిర్మించిన చిత్రంలో అణువు భూతం సీసాలోంచి బయటకు వచ్చి మనిషికి ఊడిగం చేసే మిత్రుడైంది. ఎలుకబోనుల మీద పింగ్‌పాంగ్ బంతులు పేర్చి గొలుసు చర్యను చూపించిన ఆ దృశ్యం బోధన దృష్ట్యా అద్భుతమే. కాని గని కార్మికుడు గాని, వ్యర్థాల చెరువు గాని ఆ ప్రచారంలో ఎక్కడా ప్రధాన పాత్రలు కాలేదు. అంతకుముందే 1950 దశకం ఆరంభంలో అమెరికాలో ఒక బొమ్మల కంపెనీ నిజమైన యురేనియం ఖనిజపు ముక్కలతో పిల్లల అణుప్రయోగశాల పెట్టెను విక్రయించింది. ఉత్సాహం ఉండి వివేకం కొరవడితే ఏమవుతుందో చెప్పడానికి అదొక ఉదాహరణ.

మన దేశంలోనూ అణుశక్తి శాఖ వ్యాసరచన పోటీలు పెట్టింది. ఢిల్లీ, ముంబాయి, చెన్నైలలో అణువిద్యుత్ ప్రదర్శనశాలలు వెలిశాయి. అవి నిరుపయోగమని అనలేము. అయితే అవి మహానగరాలకు పరిమితమయ్యాయి. పైగా 'అణువిద్యుత్ సురక్షితం' అన్న తీర్మానంతో మొదలై అదే తీర్మానంతో ముగిసే బోధనాపద్ధతి వాటిది. 2011 మార్చిలో ఫుకుషిమా ప్రమాదం సంభవించిన తర్వాత తమిళనాడులోని కూడంకుళం వద్ద వేలాది మత్స్యకారులు వీధులకెక్కినప్పుడు, అధికారులకు హఠాత్తుగా వివరణలు గుర్తుకొచ్చాయి. రియాక్టరు కట్టడం దాదాపు పూర్తయిన తర్వాత మొదలుపెట్టిన పాఠం ఎవరి చెవికెక్కుతుంది? అది పాఠంగా కాక బుజ్జగింపుగానే వినబడింది.

గవ్వలతో అర్ధజీవితకాలం

అణుశాస్త్రం సామాన్యులకు కొరుకుడుపడదన్న అపోహ ముందుగా తొలగాలి. దాని మూలసూత్రాలలో చాలా భాగాన్ని ఇంటి అరుగుమీద కూర్చుని నేర్చుకోవచ్చు. అష్టాచెమ్మా ఆడే గవ్వలే అందుకు చాలు. వంద గవ్వలను ఒకేసారి విసిరి, వెల్లకిలా పడినవాటిని పక్కకు తీసేయాలి. మిగిలినవాటిని మళ్ళీ విసరాలి. ప్రతిసారి ఎన్ని మిగిలాయో పలకమీద రాయాలి. ఏ గవ్వ ఎప్పుడు తప్పుకుంటుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. కాని ప్రతి విసురుకూ ఇంచుమించు ఒకే నిష్పత్తిలో తరుగుతాయని మాత్రం ఆట రెండోసారి ఆడేసరికి పదేళ్ళ పిల్ల కూడా చెప్పగలదు. గవ్వ నాణెంలా సమానమైనది కాదు గనుక ఆ నిష్పత్తి సరిగ్గా సగం కాకపోవచ్చు. గవ్వలకు బదులు ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు వాడితే నిష్పత్తి మారుతుంది, సూత్రం మారదు. అణుధార్మిక క్షీణత అంటే ఇదే.

ఆట అక్కడితో ఆగితే ప్రయోజనం సగమే. గవ్వ ఒక్కో విసురూ ఎంతకాలానికి సమానమో చెప్పినప్పుడే అసలు విషయం బోధపడుతుంది. రేడాన్‌కు అది నాలుగు రోజులకు కాస్త తక్కువ. రేడియంకు 1,600 ఏళ్ళు. అంటే గుప్తుల కాలంనాటి రేడియంలో సగం నేటికీ మిగిలే ఉంది. థోరియం-230కి 75 వేల ఏళ్ళు. యురేనియంకు 447 కోట్ల ఏళ్ళు, అంటే ఇంచుమించు భూమి వయస్సంత. ఈ నాలుగు అంకెలు తెలిసిన కుటుంబం జాదూగూడ వ్యర్థాల చెరువును చూసి 'దీని కాపలా ఎన్నాళ్ళు, ఎవరి బాధ్యత' అని అడుగుతుంది. అటువంటి ప్రశ్న పుట్టించడమే విజ్ఞానప్రచారానికి గీటురాయి.

ఇటువంటి ప్రయోగాలు మరికొన్ని ఉన్నాయి. గాజుపెట్టెలో ఆల్కహాలు తడిపిన గుడ్డ అమర్చి, అడుగున డ్రై ఐస్ ఉంచి, గది చీకటి చేసి టార్చిలైటు వేస్తే, ఆకాశం నుంచి వచ్చే విశ్వకిరణాలు సన్నని తెల్లదారాల వంటి గీతలు గీస్తూ పోవడం కంటికి కనిపిస్తుంది. విల్సన్‌కు 1927లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన మేఘపేటిక సూత్రం ఆధారంగానే ఇది పనిచేస్తుంది. డ్రై ఐస్‌ను పెద్దవారే చేతితొడుగులతో ముట్టుకోవాలన్నది ఒక్కటే నియమం. గీగర్ కౌంటరును బల్లపై ఉంచితే చుట్టూ ఏ వస్తువూ లేకున్నా 'టిక్ టిక్'మంటూనే ఉంటుంది. రేడియేషన్ లేని చోటు భూమిపై లేదన్న పాఠాన్ని ఆ చప్పుడు ఏ ఉపన్యాసం కంటే బాగా చెబుతుంది. రక్తపోటు రోగులకోసం పొటాషియం కలిపి అమ్మే ఉప్పు దగ్గరికి తెస్తే ఆ చప్పుడు కాస్త జోరందుకుంటుంది. థోరియం పూసిన పాతకాలపు పెట్రోమాక్స్ మాంటిల్ దగ్గర మరింత పెరుగుతుంది. దూరం జరిగితే తగ్గుతుంది, మధ్యలో లోహపు రేకు అడ్డుపెడితే ఇంకా తగ్గుతుంది. కాలం, దూరం, అడ్డు అనే మూడింటిపైనే రేడియేషన్ రక్షణశాస్త్రమంతా ఆధారపడి ఉందని పిల్లలకు అప్పుడు ఎవరూ వల్లెవేయించనక్కరలేదు.

కొలతల సంగతీ అంతే. ప్రకృతి నుంచి మనిషికి ఏటా సోకే రేడియేషన్ ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. ఛాతీ ఎక్స్‌రే ఒక్కదానితో సోకేది 0.1కి లోపు. సీటీ స్కాన్‌తో సోకేది అందుకు అనేక రెట్లు. అణుకర్మాగారాల కారణంగా సామాన్య పౌరుడికి ఏడాదికి ఒక మిల్లీసీవర్టుకు మించకూడదన్నది నిబంధన. కేరళ తీరంలోని కరునాగపల్లి ఇసుకలో థోరియం ఉన్నందున అక్కడి ప్రజలకు సహజంగానే సగటుకు కొన్ని రెట్లు సోకుతోంది. ఇవి తెలిసినవారు 'రేడియేషన్' అన్న మాట వినగానే పరుగు తీయరు, 'భయమేమీ లేదు' అనగానే నమ్మేయరు. 'ఎంత?' అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న అడగగలిగితే పౌరుడు విద్యావంతుడైనట్లే.

కొలిచే హక్కు

ఇటువంటి కార్యక్రమాలను ఎక్కడ, ఎలా నిర్వహించాలన్నదానికి జంషెడ్‌పూర్‌లో వనరులకు కొదవలేదు. 1950 నవంబరులో ప్రధాని నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల అక్కడే ఉంది. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి చెందిన ప్రయోగశాలలు విద్యార్థులకు తలుపులు తెరిచే సంప్రదాయం ఉంది. 2017లో మొదలైన 'జిజ్ఞాస' కార్యక్రమం కేంద్రీయ విద్యాలయాలను ఆ ప్రయోగశాలలతో కలిపింది. జాదూగూడలో భాభా అణుపరిశోధన కేంద్రం నిర్వహించే ఆరోగ్యభౌతిక విభాగం పరిసరాల రేడియేషన్‌ను దశాబ్దాలుగా నమోదు చేస్తోంది. జూబిలీ పార్కులో ఇసుక వేసినా రాలనంత జనం చేరే వేడుకలలో అణుశాస్త్రానికి ఒక మూల కేటాయించడం కష్టమేమీ కాదు. హిందీ, బెంగాలీ, తెలుగు, ఒడియాలతోపాటు సంతాలీ, హో భాషలలో వివరించేవారు ఉండాలి. గని పక్కన బతుకుతున్నవారి భాషలో లేని అణుపాఠం ఊరికి దూరంగా వేసిన వీధిదీపం వంటిది.

అయితే ఉద్యానవనంలో జరిగే ఉత్సవం తొలిమెట్టు మాత్రమే. మలిమెట్టుకు జపాన్ దారి చూపింది. ఫుకుషిమా ప్రమాదం తర్వాత ప్రభుత్వ లెక్కలపై విశ్వాసం సన్నగిల్లినప్పుడు, ఇవాకి నగరంలోని తల్లులు 2011 నవంబరులో 'తారాచినే' అనే పౌర ప్రయోగశాలను నెలకొల్పారు. పిల్లలకు పెట్టే తిండిని, ఆడుకునే మట్టిని తామే కొలిచి ఫలితాలను వెల్లడించడం మొదలుపెట్టారు. ఫుకుషిమా ఉన్నత పాఠశాల విద్యార్థులు మరో అడుగు ముందుకువేశారు. 2014లో జపాన్, ఫ్రాన్స్, పోలండ్, బెలారస్ దేశాలకు చెందిన 216 మంది విద్యార్థులు, ఉపాధ్యాయులు చిన్న కొలపరికరాలను ధరించి, తమకు వ్యక్తిగతంగా ఎంత రేడియేషన్ సోకుతోందో నమోదు చేశారు. ఫుకుషిమా ప్రాంతంలో నివాసయోగ్యమైన చోట్ల ఉన్న విద్యార్థులకు సోకేది ఇతర దేశాల విద్యార్థులకు సోకేదానితో పోల్చదగినదేనని వెల్లడైంది. ప్రభుత్వం వెయ్యిసార్లు చెప్పినా నమ్మని మాటను, పిల్లలు తామే కొలిచి చెప్పినప్పుడు ప్రపంచం విన్నది. లెక్క ప్రతికూలంగా తేలి ఉంటే దానినీ అంతే నమ్మకంతో వినేది. పౌరులు స్వయంగా చేసిన కొలతకున్న బలం అదే.

జాదూగూడ, నర్వాపహాడ్, తురామ్‌డీహ్ గ్రామాల పాఠశాలలకు ఇటువంటి అవకాశం కల్పించడానికి అడ్డేమిటి? ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, నెలకొకసారి విద్యార్థులు తల్లిదండ్రులతో కలిసి తమ ఇల్లు, బావి గట్టు, పొలం, బడి వద్ద రేడియేషన్‌ను కొలిచి ఊరి చావడిలో బల్లపై రాయవచ్చు. గీగర్ కౌంటరుకు పరిమితులున్నాయన్న విషయాన్నీ అదే సమయంలో చెప్పాలి. తాగునీటిలో కరిగిన యురేనియంను, ఇంట్లో పోగయ్యే రేడాన్‌ను అది సరిగా పట్టలేదు. వాటికి ప్రయోగశాల పరీక్షలు, ప్రత్యేక పరికరాలు కావాలి. ఆ నమూనాలను గ్రామస్థులే సేకరించి, సంస్థతో సంబంధం లేని విశ్వవిద్యాలయ ప్రయోగశాలలకు పంపి, అధికార లెక్కలతో సరిపోల్చే ఏర్పాటు ఉండాలి.

ఆక్షేపణలు, సమాధానాలు

ఈ సూచనకు రెండువైపుల నుంచీ ఆక్షేపణలు వస్తాయి. కొలతలు పామరుల చేతికిస్తే గోరంతలు కొండంతలు చేసి భయోత్పాతం సృష్టిస్తారని అధికారులు అనవచ్చు. అనుభవం ఇందుకు విరుద్ధంగా ఉంది. జాదూగూడ ప్రజల చేతిలో ఏ పరికరమూ లేకుండానే భయం మూడు దశాబ్దాలుగా పెరుగుతూ వచ్చింది. అక్కడ భయాన్ని పెంచింది కొలత కాదు, కొలత లేకపోవడమే. తప్పుగా కొలుస్తారన్న అనుమానముంటే సరిగా కొలవడం నేర్పడమే దానికి విరుగుడు. జ్వరం కొలిచే థర్మామీటరు కూడా ఒకప్పుడు వైద్యుడి సొత్తే, ఇప్పుడది తల్లి చేతిలో ఉంది. అంతమాత్రాన వైద్యుడి అవసరం తీరిపోలేదు.

రెండో ఆక్షేపణ మరింత గంభీరమైనది. నేల కోల్పోయి, ఆరోగ్యం దెబ్బతిని, న్యాయం కోసం కోర్టుల చుట్టూ తిరిగినవారి ముందు గవ్వలాటలు, మేఘపేటికలు పెట్టడం పుండుమీద కారం చల్లినట్లు కాదా అని ఉద్యమకారులు ప్రశ్నించవచ్చు. వైద్య పరీక్షలకు, నష్టపరిహారానికి, పునరావాసానికి ఏ విజ్ఞానోత్సవమూ ప్రత్యామ్నాయం కాజాలదు. దానిని ప్రత్యామ్నాయంగా చూపే ప్రయత్నం జరిగితే తిరస్కరించవలసిందే. కాని జ్ఞానం బాధితుడికి భారం కాదు, ఆయుధం. వ్యర్థాల చెరువులో ఏముందో, ఎంతకాలం ఉంటుందో, ఎంత మోతాదు హాని చేస్తుందో తెలిసిన గ్రామస్థుడు బహిరంగ విచారణలో అడిగే ప్రశ్నను దాటవేయడం ఏ అధికారికీ అంత సులభం కాదు.

అందుకే ఇటువంటి కార్యక్రమం నిర్వహణ ఒక్క యురేనియం సంస్థ చేతిలోనే ఉండకూడదు. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలికి కొత్త చట్టం శాసనబద్ధ హోదా కల్పించింది. ఆ హోదాకు సార్థకత చేకూరాలంటే, మండలి పరిశ్రమవైపే గాక ప్రజలవైపు కూడా ముఖం తిప్పాలి. విశ్వవిద్యాలయాలు, పాఠశాలలు, గ్రామసభలు, వైద్యులు భాగస్వాములుగా ఉండే ఏర్పాటుకు అది అండగా నిలవాలి.

తెలుగునేలకూ ఇదే పాఠం

జంషెడ్‌పూర్‌లో మొదలైన పాఠం అక్కడితో ఆగనక్కరలేదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం కర్మాగారానికి 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో అది పని ప్రారంభించింది. వ్యర్థాల చెరువు వల్ల బోరునీరు చెడిపోయిందని, అరటితోటలు దెబ్బతిన్నాయని సమీప గ్రామాల రైతులు వాపోయారు. సంస్థ ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. జాదూగూడ కథే వేరే భాషలో పునరావృతమైంది. నాగార్జునసాగర్ సమీపాన లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో గనుల ప్రతిపాదన 2003లో ప్రజల తీవ్ర ప్రతిఘటనను ఎదుర్కొన్నది. నల్లమలలో యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవ తీర్మానం చేసింది. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ళ పరిసర గ్రామాలు రోడ్డెక్కాయి. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ అణువిద్యుత్ కేంద్రం ప్రతిపాదన ఏళ్ళ తరబడి ప్రజల మధ్య నలుగుతూనే ఉంది. ఈ ఉద్యమాలలో ఏది సబబు, ఏది కాదన్న చర్చ ఎలా ఉన్నా, ఏ ఒక్కచోటా ప్రజలకు ముందుగా పాఠం చెప్పి తర్వాత అనుమతి అడిగిన దాఖలా లేదు.

తెలుగువారికి అణుశాస్త్రం పరాయిది కాదు. పశ్చిమగోదావరి జిల్లాలో పుట్టి, సన్యసించి, ఐరోపాలో పరిశోధనలు చేసి వచ్చిన స్వామి జ్ఞానానంద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతికశాస్త్ర అధ్యయనానికి పునాది వేశారు. జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు పల్లెపల్లెకూ తక్కువ ఖర్చు ప్రయోగాలను తీసుకుపోయిన అనుభవం ఉంది. కొలిచే పరికరాలు హైదరాబాదులోనే తయారవుతున్నాయి. కొరవడిందల్లా వీటన్నింటినీ ఒకచోట చేర్చి, గనికి ముందే బడిని తెరవాలన్న సంకల్పం.

లక్ష మెగావాట్ల లక్ష్యం సాధ్యమా, వాంఛనీయమా అన్నది దేశం చర్చించి తేల్చుకోవలసిన ప్రశ్న. ఆ చర్చలో శాస్త్రజ్ఞుడికీ పారిశ్రామికవేత్తకూ ఎంత స్థానముందో, జాదూగూడ తల్లికీ తుమ్మలపల్లె రైతుకూ అంతే స్థానముంది. వారు ఆ చర్చలో సమాన హోదాతో పాల్గొనాలంటే అణువు భాష వారికి రావాలి. ఆ భాషకు ఓనమాలు గవ్వలతో దిద్దించవచ్చు, మేఘపేటికలో చూపించవచ్చు. కాని వ్యర్థాల చెరువును, బావినీటిని కొలిచి చూసే స్వేచ్ఛ ఇవ్వకుండా చెప్పే అణుపాఠం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా ప్రజల విశ్వాసాన్ని పొందజాలదు. అరవై ఏళ్ళుగా దేశానికి ఇంధనం ఇచ్చిన గడ్డకు పాలకులు అచ్చంగా బాకీపడింది ఆ స్వేచ్ఛే. దానిని చెల్లించే పని జాదూగూడ నుంచే మొదలుకావాలి.